గుర్రానికీ తోడు కావాలి



మా అబ్బాయి తోటలో ఒక గుర్రం ఒంటరిగా మేస్తుండేది. గుర్రం మందలో బతికే జీవి. నిలబడి కునుకు తీస్తుంది గాని, అసలు నిద్రకు కాసేపైనా పడుకోవాలి. పక్కన ఇంకొకటి కాపలా ఉంటే దానికి ఆ ధైర్యం ఎక్కువ.

అందుకని, లాగలేక రోడ్డున పడితే జంతు సంక్షేమం వారు కాపాడిన ముసలి జట్కా గుర్రాన్ని తెచ్చుకున్నాం. 3 వారాలు విడిగా ఉంచి, పశువైద్యులు చూశాక, ముందు కంచెకు అటూ ఇటూ నిలిపి మచ్చిక చేశాం. ఇప్పుడు ఒకటి పడుకుంటే రెండోది నిలబడుతుంది.

స్వారీకి పనికిరాదు. మేతకు, గిట్టలు చెక్కించడానికి ఖర్చు తప్పదు. గుర్రం ఆయుష్షు 25–30 ఏళ్లు, నాకు 74. నా తదనంతరం ఎవరు చూడాలో కాగితం మీద పెట్టాను. దత్తత తీసుకునేవారు ముందు ఆ ఏర్పాటు చేయండి. అది రెండోసారి దిక్కులేనిది కాకూడదు. సెలవు.