పాదం నుంచి వెన్ను దాకా



నరాల డాక్టర్ని పిలిచారు కాబట్టి నరాల గురించే మాట్లాడతాను. వెన్నుపాము దాటి చేతులకూ కాళ్లకూ వెళ్లే నరాలు ఎలా బతుకుతాయో ఈ రోజు పట్టా అందుకుంటున్న యువ వైద్యులైన మీరు ఎప్పుడో చదివారు, పరీక్షలో రాశారు. ఇక ముందు అది రోగి పక్కన నిలబడినప్పుడు అక్కరకు వస్తుంది.

అది ఎలా తెలిసిందో చెబుతాను. 1938లో ఇటలీలో ముస్సోలినీ ప్రభుత్వం తెచ్చిన జాతి చట్టాలు యూదులను విశ్వవిద్యాలయాల నుంచి గెంటేశాయి. రెండేళ్ల ముందే వైద్యపట్టా పుచ్చుకున్న రీటా లెవీ-మోంటాల్చీని అనే యూదు వైద్యురాలు ట్యూరిన్‌లో తన పడకగదినే ప్రయోగశాలగా మార్చుకున్నారు. పొదుగుతున్న కోడిగుడ్లు, ఒక మైక్రోస్కోపు, నూరి పదును పెట్టుకున్న కుట్టుసూదులు, ఇవే ఆమె సరంజామా. కోడిపిండంలో మొలుస్తున్న రెక్క మొగ్గను కోసేస్తే, అటు వెళ్లాల్సిన నాడీకణాలు ఏమవుతాయి? అవి పుట్టకుండా పోవడం లేదు. పుట్టి, బయల్దేరి, చేరాల్సిన చోటు లేక చనిపోతున్నాయి. బయట యుద్ధం జరుగుతుండగా, ఉద్యోగం చేసే హక్కు కూడా లేని మనిషి ఇంత సూక్ష్మంగా చూడగలగడం నన్ను ఎప్పటికీ కదిలిస్తుంది.

యుద్ధం ముగిశాక, 1947లో, పిండశాస్త్రవేత్త విక్టర్ హాంబర్గర్ ఆమెను అమెరికాలోని సెయింట్ లూయిస్‌కు పిలిచారు. ఎలుకల కణితి ముక్కను పిండంలో నాటితే నరాలు దాని వైపు విపరీతంగా పెరిగేవి. 1952లో అలాంటి కణితులున్న ఎలుకలను హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని ఆమె విమానంలో రియో డి జనీరో వెళ్లారు. అక్కడ గాజుపాత్రలో నాడీకణాల ముద్ద పక్కన కణితి ముక్క పెడితే, ఒక్క రోజులోనే నరపు పోగులు చుట్టూ కిరణాల్లా విచ్చుకున్నాయి. కణితి నుంచి వెలువడుతున్న ఆ పదార్థమేమిటో తేల్చింది జీవరసాయన శాస్త్రవేత్త స్టాన్లీ కోహెన్. శుద్ధి చేసే పనిలో పాము విషం కలిపితే ప్రభావం తగ్గకపోగా ఎన్నో రెట్లు పెరిగింది. విషగ్రంథి లాలాజల గ్రంథికి చుట్టమే కదా అని మగ ఎలుక లాలాజల గ్రంథిలో వెతికితే అక్కడ పుష్కలంగా దొరికింది. అదే నర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్, అంటే నరాల వృద్ధి కారకం. 1986లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

చర్మం, ఇతర అవయవాలు ఈ పదార్థాన్ని కొద్దికొద్దిగానే తయారుచేస్తాయి. పిండదశలో అది అందిన నాడీకణాలు బతుకుతాయి, అందనివి రాలిపోతాయి. చాలాచోట్ల దాదాపు సగం అలా పోతాయి. నరం కొసన ట్రాక్-ఏ గ్రాహకానికి అంటుకున్న కారకం లోపలికి వెళ్లి కణకేంద్రం వైపు ప్రయాణిస్తుంది. పెద్దవాళ్లలో పాదం నుంచి వెన్ను దాకా అది దాదాపు ఒక మీటరు దూరం. అయితే నరం తీసుకోవడమే కాదు, ఇస్తుంది కూడా. తన మీదున్న న్యూరెగ్యులిన్‌తో, మైలిన్ తొడుగు ఎంత మందంగా చుట్టాలో ష్వాన్ కణాలకు చెబుతుంది.

ట్రాక్-ఏ జన్యువు పుట్టుకతోనే దెబ్బతిన్న పిల్లలకు నొప్పి తెలియదు, చెమట పట్టదు. నాలుకనూ వేళ్లనూ కొరుక్కుంటారు, విరిగిన కాలితోనే నడిచేస్తారు. కాబట్టి నొప్పిని శత్రువుగా మాత్రమే చూడకండి. కీళ్ల నొప్పులకు ఈ కారకాన్ని అడ్డుకునే మందులు వాడినప్పుడు నొప్పి తగ్గింది కానీ, కొందరిలో కీళ్లు వేగంగా అరిగిపోయాయి. మధుమేహంతో దెబ్బతిన్న నరాలకు ఈ కారకాన్నే ఇంజెక్షన్‌గా ఇచ్చిన పెద్ద పరీక్ష ఫలించలేదు. స్పర్శ పోయిన కార్నియా మీది పుండుకు మాత్రం చుక్కల మందుగా 2017లో యూరప్‌లో, 2018లో అమెరికాలో అనుమతి పొందింది.

షుగర్ రోగుల నరాలను తిరిగి మొలిపించే మందు ఈ రోజు మీ చేతిలో లేదు. కానీ "కాళ్లు తిమ్మిర్లు డాక్టర్‌గారూ, చెప్పు జారిపోయినా తెలియట్లేదు" అని ఒక అమ్మ చెప్పినప్పుడు, ఓపీలో ఎంత రద్దీ ఉన్నా ఆమె చెప్పులు విప్పించండి. 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్ మోగించి బొటనవేలి మీద ఆనించండి. వేళ్ల సందులు చూడండి. ఎండకు కాలిన గుడి ఆవరణలో వట్టి కాళ్లతో నడవొద్దని చెప్పండి.

అలాగే గాజుపెంకు గుచ్చుకుని మణికట్టు నరం తెగిన కుర్రాడు వస్తే "గాయం మానాక చూద్దాంలే" అనకండి. నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పునే పెరుగుతుంది. తెగిన చోటుకు దిగువన ష్వాన్ కణాలు దాని కోసం కారకాలు తయారుచేస్తాయి, నెలలు గడిచేకొద్దీ ఆ శక్తి సన్నగిల్లుతుంది. అతన్ని ఆ రోజే సర్జన్ దగ్గరికి పంపండి.