గోదావరి ఒడ్డు చిత్రకారుడు

మన పామేడు అడవుల వాగులు చివరికి కలిసేది గోదావరిలోనే. ఆ గోదావరి ఒడ్డున, రాజమహేంద్రవరంలో 1897లో పుట్టారు దామెర్ల రామారావు. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయన ప్రతిభ గుర్తించి బొంబాయిలోని జె.జె. చిత్రకళా పాఠశాలకు పంపించారు.

మనుషుల బొమ్మలతో పాటు ప్రకృతి దృశ్యాలనూ రామారావు నీటిరంగుల్లో వేశారు. ఈ పనిలో చెయ్యి తడబడకూడదు. ఏటి మీద మెరుపు చూపాలంటే అక్కడ కాగితాన్ని తెల్లగానే వదిలెయ్యాలి. ఒకసారి రంగు పడితే దిద్దడం కష్టం.

చదువయ్యాక సొంతూళ్లో చిత్రకళాశాల పెట్టి కుర్రాళ్లకు నేర్పారు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారులే. 1925లో రామారావు మశూచి సోకి, 28 ఏళ్లు నిండకుండానే పోయారు. రాజమహేంద్రవరం వెళ్తే ఆయన పేరిట ఉన్న గ్యాలరీ తప్పక చూడండి.