పురుగు పట్టని ధాన్యము

పంట ఇల్లు చేరినంతనే రైతు నిశ్చింతుడగునని పలువురు తలంతురు. నిజమునకు రెండవ కాపలా అప్పుడే ఆరంభమగును. అనకాపల్లి జిల్లా నక్కపల్లి మండలమందలి రాజయ్యపేట వంటి తీరగ్రామములలో ఈ కాపలా మరింత కష్టము. సముద్రపు గాలి తేమను మోసికొని వచ్చును. ఎండిన గింజ దానిని మరల పీల్చుకొనును. తేమగల గింజయందే పురుగు వృద్ధిపొందును.

పురుగును చంపుటకై అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్ళలను ఇంట పెట్టువారు నేటికిని కలరు. తేమ తగిలినంతనే వాటినుండి ఫాస్ఫీన్ అను విషవాయువు వెలువడును. దానికి విరుగుడు లేదు. ప్రభుత్వ సంస్థలకును, లైసెన్సుగల నిపుణులకును తప్ప ఇతరులకు వాటిని అమ్మరాదని నిబంధన కలదు. బిడ్డలు పరుండు ఇంట ఆ బిళ్ళ నుంచుటకంటె గింజ పుచ్చిపోవుటయే మేలని మా అభిప్రాయము. అయితే, పుచ్చిపోనీయ నక్కరలేదు.

మొదటి మందు ఎండ. దీర్ఘకాలము నిలువచేయు వడ్లలో తేమ నూటికి 12 పాళ్ళు మించరాదు. పరికరము లేనివారు పొడి గాజుసీసాలో గుప్పెడు గింజలు, కొంచెము ఎండిన ఉప్పు వేసి కుదిపి చూడవచ్చును. ఉప్పు సీసాకు అంటుకొన్నచో గింజ ఇంకను పచ్చిగనే యున్నది. అంటకున్నను మరియొక ఎండ పెట్టుట మంచిది. ఎండిన గింజను చల్లారిన పిదపనే గాదెకెత్తవలెను. వేడిమీద పోసినచో లోపల చెమ్మగిల్లును.

పెసలు, మినుముల సంగతి వేరు. పుచ్చుపురుగు పొలముననే కాయపై గ్రుడ్లుపెట్టి, పంటతోపాటు ఇంటికి వచ్చును. పెద్దపురుగు గింజను తినదు. గ్రుడ్డునుండి వెలువడిన పిల్లపురుగే గింజను తొలుచును. కిలో గింజలకు 5 మిల్లీలీటర్ల వంటనూనె పట్టించినచో గ్రుడ్డుకు ఊపిరాడదు. మన యిండ్లలో కందులకు ఎఱ్ఱమన్ను పట్టించి ఎండబెట్టుటయు, జల్లించిన బూడిద కలుపుటయు ఈ పురుగును అరికట్టుటకే. సన్నని పొడి పురుగు చర్మముపై మైనపుపొరను చెఱచును. లోని నీరు ఇంకి అది చచ్చును. చోళ్ళకు ఈ బెడద తక్కువ. అంత చిన్నగింజలో పురుగు పెరుగుటకు చోటేది?

వేపాకును గూర్చి ఒకమాట. పచ్చి ఆకులు వేయరాదు, వాటి తేమయే హాని. నీడను ఎండిన ఆకు పురుగును కొంత తొలగించును గాని, అసలు శక్తి గింజలోని పప్పుది. విత్తనమునకై ఉంచిన ధాన్యములో నూటికి 1 లేక 2 పాళ్ళు వేపపప్పు పొడి కలుపవచ్చును.

పూర్వులు పాతర వేయుటలో మరియొక సూక్ష్మము కలదు. మూసిన పాతరలో పురుగులు లోని ప్రాణవాయువును తామే పీల్చి, అది తరిగినపిమ్మట నశించును. అందుచేతనే తెఱచిన పాతరలో వెంటనే దిగరాదని పెద్దలు హెచ్చరించెడివారు. త్రవ్విన నీరూరు తీరభూమిలో పాతర కుదురదు. ఎండిన గింజతో డబ్బాను అంచువరకు నింపి, గాలి చొరకుండ బిగించి, నెలదాక తెఱవకున్నచో ఆ ఫలమే లభించును. పాత గోనెసంచులను మాత్రము తిరుగవేసి, వేడినీట ఉడికించి ఎండబెట్టవలెను. క్రొత్తపంటకు తొలి పురుగు తరచుగ వాటి కుట్లలోనుండియే వచ్చును.