కందాయం లెక్క



బెంగళూరు పేటలో స్థిరపడిన తెలుగువారి ఇళ్ళలో ఇంటిపన్నును ఇప్పటికీ చాలామంది కందాయమనే అంటారు. కన్నడిగుల మాటా అదే. పంచాంగం చూసే అలవాటున్నవారికి ఈ పదం మరో అర్థంలోనూ పరిచితమే. సంవత్సరాన్ని నాలుగేసి నెలల చొప్పున మూడు భాగాలు చేస్తే ఒక్కొక్కటి ఒక కందాయం. ఉగాదినాడు కందాయ ఫలాలు చదివేది ఆ లెక్క ప్రకారమే. ఆదాయవ్యయాలు చదివించుకునే ఆ రోజుల్లోనే నగరపాలికకు కట్టవలసిన పన్ను సంగతి కూడా ఇంట్లో చర్చకు వస్తుంది. ఏప్రిల్ 30లోగా ఏడాది పన్నంతా ఒకేసారి చెల్లించినవారికి 5 శాతం రాయితీ ఉండటం అందుకు ఒక కారణం. గత కొన్నేళ్ళుగా ఆ చర్చలో ఆందోళన పాలు ఎక్కువైంది.

చిక్కపేట పరిస్థితి నగరంలోని కొత్త కాలనీల పరిస్థితి వంటిది కాదు. 1537లో కెంపేగౌడ పేటను నిర్మించినప్పుడు దొడ్డపేట, చిక్కపేట వీధులు కలిసే కూడలి నుంచే నాలుగు దిక్కులకూ నాగళ్ళు కట్టి హద్దులు గీయించాడని సంప్రదాయ కథ. ఆ దొడ్డపేటే నేటి అవెన్యూ రోడ్డు. నాలుగున్నర శతాబ్దాలు దాటినా ఇక్కడి వీధులు ఇరుకుగానే ఉన్నాయి, ఇళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి ఆనుకొనే ఉన్నాయి. కింద పట్టుచీరల దుకాణమో గోదామో, పైన కాపురమో ఉండటం ఇక్కడ మామూలు. మెట్రో వచ్చింది, వ్యాపారం పెరిగింది, స్థలం ధర చూస్తే కళ్ళు తిరుగుతాయి. అయితే ఇంటి ధర పెరిగినంత మాత్రాన ఆ ఇంట్లో నివసించేవారి ఆదాయం పెరగదు. ధర చేతికి వచ్చేది ఇల్లు అమ్మినప్పుడే. పన్ను మాత్రం ఏటా రొక్కంగా కట్టాలి. పింఛనుతో కాలం గడిపే వృద్ధ దంపతులకు, పై అంతస్తులో ఒంటరిగా ఉండే వితంతువుకు కందాయం భారమయ్యేది ఈ తేడా వల్లనే.

ఈ తేడా న్యాయస్థానాల దృష్టికి రాకపోలేదు. అందులో ముఖ్యమైన వ్యాజ్యం తెలుగునేలదే. గుంటూరు పురపాలక సంఘం ఇళ్ళ వార్షిక విలువను మదింపు చేసిన తీరుపై అక్కడి పన్ను చెల్లింపుదారుల సంఘం చేసిన పోరాటం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. బాడుగల నియంత్రణ చట్టం అమల్లో ఉన్న ఊళ్ళో, ఆ చట్టం ప్రకారం రాదగిన న్యాయమైన బాడుగను మించి ఇంటి విలువను లెక్కగట్టరాదని 1970లో ఆ న్యాయస్థానం తీర్పు చెప్పింది. అధికారి బాడుగను అప్పటికే నిర్ణయించిన ఇంటికీ, ఇంకా నిర్ణయించని ఇంటికీ ఈ విషయంలో భేదం చూపరాదని కూడా అన్నది. యజమానికి చట్టబద్ధంగా రాగల రాబడి ఎంతో, పన్నుకు ఆధారమూ అంతే కావాలన్నది దీని సారాంశం.

ఈ సూత్రంలో ధర్మముంది. చిక్కు కూడా ఉంది. పాత బాడుగలు ఏళ్ళ తరబడి కదలకపోతే నగరపాలికల రాబడి కూడా కదలదు. మురుగుకాలువ తీసేవారి జీతం, వీధిదీపాల ఖర్చు మాత్రం ఏటా పెరుగుతూనే ఉంటాయి. అందుకే 1993లో పట్నా, 2004లో ఢిల్లీ బాడుగను వదిలి విస్తీర్ణాన్ని ఆధారంగా తీసుకున్నాయి. బెంగళూరులో 2000లో స్వయం మదింపు పద్ధతి వచ్చింది. 2008-09 నుంచి యూనిట్ ఏరియా విలువ పద్ధతి అమలైంది. నగరాన్ని ఏ నుంచి ఎఫ్ దాకా ఆరు మండలాలుగా విభజించి, ఒక్కో మండలంలో చదరపు అడుగుకు నెలకు ఇంత అని విలువ కట్టారు.

ఈ లెక్క తెలియక చలానాలో ఎంత అంకె కనిపిస్తే అంత కట్టి వచ్చేవారు చాలామంది. లెక్క నిజానికి కష్టమైనది కాదు. 600 చదరపు అడుగుల సొంత కాపురపు ఇంటికి చదరపు అడుగు విలువ నెలకు 2 రూపాయలు అనుకుందాం. పన్నెండు నెలలకు కాక పది నెలలకే గుణిస్తారు, మొత్తం 12,000. భవనం వయసును బట్టి తరుగుదల తీసివేయాలి. అది 30 శాతం అనుకుంటే మిగిలేది 8,400. అందులో 20 శాతం, అంటే 1,680 రూపాయలు పన్ను. దానిపై 24 శాతం ఉపకరాలు: ఆరోగ్యానికి 15, గ్రంథాలయాలకు 6, యాచకుల పునరావాసానికి 3. మొత్తం దాదాపు 2,083 రూపాయలు. గ్రంథాలయం గడప తొక్కనివారు కూడా వంద రూపాయల పన్నుకు ఆరు రూపాయలు గ్రంథాలయాలకు ఇస్తున్నారు. అక్కడ తెలుగు పుస్తకాలు కావాలని అడగడానికి ఎవరూ మొహమాటపడనక్కరలేదు.

అదే ఇల్లు బాడుగకు ఇస్తే చదరపు అడుగు విలువ రెట్టింపవుతుంది. పన్నూ రెట్టింపై 4,166కు చేరుతుంది. సొంతంగా ఉండేవారికి సగం రేటు పెట్టడం ఈ పద్ధతిలో అన్నిటికన్నా మెచ్చదగిన అంశం. రాబడి లేని ఇంటినీ రాబడి ఉన్న ఇంటినీ ఒకే గాట కట్టలేదు. గుంటూరు తీర్పులోని ధర్మం కొంతైనా ఇందులో నిలిచింది.

2016లో రేట్లు పెరిగాయి: నివాసాలకు 20 శాతం, వాణిజ్య భవనాలకు 25 శాతం. అసలు దెబ్బ ఆ పెంపుదల కాదు. అప్పుడే కొన్ని వీధుల మండలాలు కూడా మారాయి. అది గమనించక, పాత మండలం ప్రకారమే మదింపు పత్రం నింపి పన్ను కడుతూ వచ్చినవారు నగరమంతటా వేలల్లో ఉన్నారు. 2021లో దాదాపు 78 వేలమందికి నోటీసులు వెళ్ళాయి. ఏళ్ళ తరబడి పేరుకున్న తేడా, దానికి జరిమానా, ఆపైన వడ్డీ. ఏటా క్రమం తప్పక కట్టి రసీదులు భద్రపరచుకున్నవారికే ఇవి వచ్చాయి. మదింపు చేసుకున్నది యజమానే కాబట్టి తప్పు యజమానిదేనని చట్టం అంటుంది. అది నిజమే. కానీ తమ వీధి మండలం మారిన సంగతి ఆ ఇంటివారికి తెలిసే భాషలో, తెలిసే చోట చెప్పవలసిన బాధ్యత పాలనది. పేటలో కన్నడంతో పాటు తెలుగు, తమిళం, ఉర్దూ, మార్వాడీ వినిపిస్తాయి. గెజెట్ ప్రకటన వీరిలో ఎందరి ఇంటికి చేరుతుంది? తర్వాత 2024లో ఏకకాల పరిష్కార పథకం వచ్చింది. వడ్డీ మాఫీ, జరిమానాలో సగం తగ్గింపు ఇచ్చారు. దాని గడువు ఆ ఏడాది నవంబరు 30తో ముగిసింది.

ఇప్పటి ఆందోళనకు మూలం మార్గదర్శక విలువ. రిజిస్ట్రేషన్ కోసం ప్రభుత్వం ప్రకటించే ఈ స్థల విలువలు 2023 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సగటున 30 శాతం పెరిగాయి. 2024 ఫిబ్రవరిలో బెంగళూరు ఆస్తిపన్నును ఈ విలువకే ముడిపెట్టే ముసాయిదా వెలువడింది. అభ్యంతరాలు వచ్చాయి, 2024-25లో పాత పద్ధతే సాగింది. ఆ ఆలోచన మాత్రం పోలేదు. మార్గదర్శక విలువ ఆధారమైతే, పక్కింటివారు తమ ఇల్లు ఎంతకు అమ్ముకున్నారన్నది అమ్మే ఉద్దేశమే లేనివారి పన్నును నిర్ణయిస్తుంది.

అనంతపురం, చిత్తూరు, కర్నూలు జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవారికి ఇది కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నవంబరులో చట్టం సవరించి, 2021 ఏప్రిల్ 1 నుంచి పురపాలక సంఘాల్లో మూలధన విలువపైనే పన్ను వేస్తున్నారు. ఊళ్ళో తాతల నాటి ఇల్లు ఉన్నవారు రెండు చోట్లా ఈ లెక్క చూస్తున్నారు. అక్కడ ఒక కట్టడి ఉంది: ఏ ఏటి పెంపూ ముందటి ఏటి పన్నుపై 15 శాతం మించరాదు. వినడానికి ఇది ఊరటగా ఉంటుంది. కానీ ఏటా 15 శాతం చొప్పున పెరిగితే అయిదేళ్ళలో పన్ను రెట్టింపవుతుంది. అమెరికాలో కాలిఫోర్నియా ప్రజలు 1978లో ఓటు వేసి, మదింపు విలువ ఏటా 2 శాతం మించి పెరగకుండా నిలిపారు. దాని ఫలితంగా ఒకే వీధిలో పాత యజమాని కొద్దిపాటి పన్ను, కొత్తగా కొన్నవారు దానికి ఎన్నో రెట్లు కట్టవలసి వచ్చింది. ఆ ఉదాహరణ కూడా పూర్తిగా అనుసరించదగినది కాదు. సొంత కాపురానికి ప్రత్యేక రేటు, దానితో పాటు ఏటి పెంపుకు ఒక తక్కువ పరిమితి, ఈ రెండూ కలిసి ఉంటేనే పేట ఇళ్ళలోని వృద్ధులు ఇల్లు అమ్ముకోకుండా ఉండగలరు. ఈసారి ముసాయిదా వచ్చినప్పుడు అభ్యంతరం రాసేవారు ఈ రెండు అంశాలనూ స్పష్టంగా అడగడం మేలు.

2025 ఏప్రిల్ నుంచి చెత్త సేకరణ రుసుము కూడా ఆస్తిపన్నుతో కలిసి వస్తోంది. 600 చదరపు అడుగుల లోపు ఇంటికి నెలకు 10 రూపాయలు. అది దాటి వెయ్యి దాకా 50. అంటే 600 అడుగుల ఇంటికి ఏడాదికి 120 రూపాయలైతే, 601 అడుగుల ఇంటికి 600. విస్తీర్ణాన్ని ఉజ్జాయింపుగా రాసే అలవాటున్నవారు ఈసారి టేపు పట్టి కొలవడం మంచిది.

మండలం, విస్తీర్ణం, భవనం వయసు, సొంతమా బాడుగా అన్న నాలుగింటినీ పత్రంలో ఏటా సరిచూసుకోవాలి. కింది దుకాణం, పై కాపురం వేర్వేరు రేట్ల కిందికి వస్తాయి. రెంటినీ కలిపి రాస్తే ఒక పక్క నష్టం, మరో పక్క నోటీసు. పేటలో ఇంకొక చిక్కు ఉంది. అన్నదమ్ములు గదులు పంచుకున్నా ఖాతా తండ్రి పేరనో తాత పేరనో ఉండిపోయిన ఇళ్ళు ఇక్కడ తక్కువేమీ కాదు. పన్ను ఒకరు కడతారు, రసీదు మరొకరి పేర వస్తుంది. 2024 అక్టోబరు నుంచి రిజిస్ట్రేషన్‌కు ఇ-ఖాతా తప్పనిసరి అయినందున, ఆ ఇంట్లో ఎవరు తమ వాటా అమ్మదలచినా ముందు ఖాతా సరిచేసుకోక తప్పదు. 2025 సెప్టెంబరు 2 నుంచి చిక్కపేట బెంగళూరు కేంద్ర నగరపాలిక పరిధిలోకి వచ్చింది. ఖాతా మార్పిడికీ, పన్ను మదింపుపై అభ్యంతరాలకూ ఇక వెళ్ళవలసింది ఆ పాలిక రెవెన్యూ కార్యాలయానికే. పాత రసీదులు ఏ పేరున ఉన్నా వాటిని పారవేయకుండా వెంట తీసుకువెళ్ళాలి.