చెరువు కలువ: తీయవలసినదెంత, ఉంచవలసినదెంత



విశాఖపట్నమునకు సుమారు 40 కిలోమీటర్ల దూరమున కొండకర్ల ఆవ అను మంచినీటి సరస్సు కలదు. రెండు తాటిబోదెలను జతగా కట్టిన దోనెలు దీనిలో తిరుగుచుండును. తామర, కలువ ఇచ్చట విరివిగా పెరుగును. మన ఊరి చెరువులలో వీనితోపాటు గుర్రపుడెక్కయు చేరినది. చెరువు బాగుచేయునపుడు మూడింటిని ఒకే కలుపుగా ఎంచి పెరికివేయుట మంచిది కాదు.

తామర ఆకు గొడుగువలె నీటిపైకి లేచును. కలువ ఆకు నీటిపై పరచుకొనును. దానికి ఒకప్రక్క చీలిక ఉండును. గుర్రపుడెక్క వేరు నేలనంటక తేలుచు, గాలికి కొట్టుకొనిపోయి చెరువంతయు కప్పును. కలువ దుంప బురదలో పాతుకొనును గనుక, లోతు తక్కువైన చోటనే పెరుగును.

కలువకు చంద్రుడు ప్రియుడందురు. తెల్లకలువ, ఎర్రకలువ రాత్రి విచ్చి ఉదయము ముడుచుకొనుట నిజమే; కాని అమావాస్యనాడును విచ్చును. నీలికలువ పగలే విచ్చును. ఆకులు పీల్చిన గాలి కాడలోని గొట్టముల ద్వారా దుంపకు చేరును. కాయ నీటిలోనే పండి పగులును. గింజలు కొంత తేలి, పిదప మునిగి మొలచును.

కలువ లేతకాడల పైపొర ఒలిచి కూర వండవచ్చును. తెల్లకలువ జాతీయపుష్పమైన బంగ్లాదేశ్‌లో ఇది సామాన్యమైన కూర. దుంపలను ఉడికించియు, గింజలను వేయించియు తిందురు. ఆకుల నీడ చేపపిల్లలకు దాపు.

ఒక్క హెచ్చరిక. పట్టణపు మురుగు గాని, కర్మాగారముల నీరు గాని కలియు గెడ్డలలోని కలువను తినరాదు. నీటిమొక్కలు సీసము, కాడ్మియము వంటి లోహములను పీల్చుకొనును. ఉడికించినను అవి పోవు.

కావున ఇట్లు చేయుడు. గుర్రపుడెక్కను పూతకు ముందే పూర్తిగా తీసి, గట్టున ఎండబెట్టి కంపోస్టు గోతిలో వేయుడు. తూమువద్ద, కాలువ మొదట ఉన్న కలువను దుంపతో సహా తీయుడు. ఆకులు మాత్రమే కోసినచో మరల చిగుర్చును. చెరువు అంచున ఒకవైపు కొంత కలువను ఉంచుడు. చేపల చెరువైనచో నీటిలో ఎక్కువ భాగము తెరపిగా ఉండవలెను. ఎండ సోకనిదే చేపల మేత పెరుగదు. కలుపుమందు చల్లి ఒక్కసారిగా చంపరాదు. మొక్కలు కుళ్లి, నీటిలోని ప్రాణవాయువు తగ్గి, చేపలు చచ్చును.

కలువను అదుపులో ఉంచిన చాలును; నిర్మూలింప పనిలేదు.