గోడమీది బొమ్మను సరిదిద్దుట



నలువదేండ్లు బడిలో నల్లబల్లమీద సుద్దముక్కతో బొమ్మలు గీచి పాఠములు చెప్పినవాడను. నేడు తెల్లగోడమీద వెలుతురుతో బొమ్మ వేయు యంత్రమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయ వచ్చితిని. దీనిని ప్రొజెక్టరందురు. ఇప్పుడిది పట్టణములందేగాక మన పల్లెలలోని యిండ్లకును వచ్చుచున్నది. వ్యాకరణము చదువుకొన్న ముదుసలికి ఈ యంత్రముతో నేమి పనియని మీరడుగవచ్చును. ఆ సంగతి తుదను చెప్పుదును.

ఈ విద్య మనకు బొత్తిగా కొత్తది కాదు. తోలుబొమ్మలాటను ఎరుగనివారు మనలో నరుదు. తెల్లని పంచెను బిగించికట్టి, వెనుక దీపముంచి, నడుమ బొమ్మ నాడింతురు. తెర కానించిన బొమ్మ స్పష్టముగా నుండును. దీపమువైపు జరిపినకొలది నీడ పెద్దదై మసకబారును. ఐరోపాఖండమున 1659 ప్రాంతమున హైగెన్సు అను డచ్చి శాస్త్రజ్ఞుడు దీపమునకు కటకమును చేర్చి, అద్దముపై వ్రాసిన బొమ్మలను గోడమీద చూపెను. 1896 జూలై 7వ తేదీన బొంబాయిలోని వాట్సన్ హోటలులో లూమియేరు సోదరుల కదలుబొమ్మలు మన దేశమున చూపబడినవి. నేటి ప్రొజెక్టరు ఆ వంశమునందు పుట్టినదే. దీపము, బొమ్మ, కటకము, తెర అను నాలుగే దీనికిని అంగములు. అద్దపుబొమ్మకు మారుగా ఇందు మిక్కిలి సన్నని వెలుగుచుక్కలను కూర్చు పలక యుండును. మేలైన యంత్రమున 1080 వరుసలు, వరుసకు 1920 చుక్కలు. వెరసి ఇరువదిలక్షలకు పైబడును.

మొదట యంత్రమునుంచు చోటును నిర్ణయింపవలెను. గోడకుగల దూరమును బొమ్మ వెడల్పుచేత భాగింపగా వచ్చు నిష్పత్తి యంత్రముతో వచ్చు పుస్తకమున వ్రాయబడియుండును. అది 1.5 అయినచో ఆరడుగుల వెడల్పుగల బొమ్మకు తొమ్మిదడుగుల దూరము కావలెను. దూరము రెట్టింపైనచో వెడల్పును ఎత్తును రెట్టింపై వైశాల్యము నాలుగురెట్లగును; అంతట కాంతి నాలుగవవంతునకు దిగును. గిన్నెడు సున్నమును ఒక గోడకు పూయుటకును నాలుగు గోడలకు పూయుటకును గల భేదమే యిది. కనుక బొమ్మ పెద్దదిగా నుండవలెనను ఆశకు మితముండవలెను.

రెండవది, యంత్రము గోడకు సూటిగా నుండవలెను. ముందుభాగమును పైకెత్తినచో బొమ్మ పైయంచు వెడల్పై, క్రిందియంచు ఇరుకై చేట యాకారము దాల్చును. ఏలయన, పైకిపోవు కిరణములు ఎక్కువ దూరము ప్రయాణము చేసి విరివిగా విడివడును. దీనికి కీస్టోను అను సవరణ యంత్రముననే కలదు. పిల్లలు వెంటనే దానిని నొక్కుదురు. అది వెడల్పైన వైపును లోలోపల కుదించి అంచులను సరిచేయును. కాని కుదించినకొలది కొన్ని చుక్కలు వృథాయై బొమ్మ తేటదనము తగ్గును. అందుచేత ఆ సవరణను సున్నావద్దనే నిలిపి, ముందుగా బల్ల యెత్తును, యంత్రము దిక్కును మార్చి చూడవలెను. పెక్కు యంత్రములు కిరణములను స్వభావముగనే కొంత పైకి పంపును. అట్టివానిలో కటకము ఇంచుమించు బొమ్మ క్రిందియంచు ఎత్తున నుండిన చాలును. పైకప్పునకు బిగించునపుడు యంత్రమును తలక్రిందుగా బిగించి, బొమ్మను త్రిప్పు ఏర్పాటును ఎన్నుకొనవలెను.

మూడవది స్పష్టత. కటకమునకు చెందిన వలయమును త్రిప్పుచు దీనిని కుదుర్చుదురు. ఇందుకు మనుష్యుల ముఖములకంటె అక్షరములుగల పుట మేలు. నడిమి యక్షరములను, పిదప నాలుగు మూలలను చూడుడు. అరగంట గడచి యంత్రము వేడెక్కిన తరువాత మరియొకసారి చూడుడు. వేడిమిచే కటకము కొంచెము సడలును.

నాలుగవది వెలుగునీడలు. ప్రొజెక్టరు నలుపును వేయజాలదు. వెలుతురును పంపకుండుటయే దాని నలుపు. కిటికీ తెరచియున్నచో గోడ తెలుపే నలుపునకు బదులగును. కావున ముందు గదిని చీకటి చేయవలెను. తరువాత బ్రైట్‌నెస్ అనుదానితో నలుపును, కాంట్రాస్టు అనుదానితో తెలుపును దిద్దవలెను. నల్లని జుట్టులో పాయలును, తెల్లని పంచెలో మడతలును తెలియుచున్నచో రెండును కుదిరినవని యెరుగుడు. రంగులకు సినిమా యను పేరుగల యేర్పాటు సాధారణముగా సహజముగా నుండును. మిక్కిలి ప్రకాశవంతమైన యేర్పాటున ముఖములకు తరచు పచ్చదనమో నీలిమయో పట్టును.

ఒక హెచ్చరిక. వెలుగుచున్న కటకములోనికి పిల్లలను తొంగిచూడనీయకుడు, కన్నులకు హాని. యంత్రమునకు గాలి పోవు కంతలను గుడ్డతో కప్పకుడు.

ఇక నా సంగతి. మా పెద్దమ్మాయి వివాహము 1991లో జరిగినది. నా గృహిణి గతించి ఆరేండ్లయినది. నిరుడు మా మనుమడు ఆ పెండ్లినాటి పాతటేపును కొత్తరీతికి మార్పించి తెచ్చి గోడమీద వేసెను. విస్తళ్లు పరచుచు ఆమె కనబడెను. ఆమె పోయిన పిదప పుట్టిన మా చిన్న మనుమరాలు, "తాతయ్యా, అమ్మమ్మ ఇంత లావుగా ఉండేదా?" అని యడిగెను. నాకు నోట మాట రాలేదు. ఆ ముఖము ఆమెదియే, ఆమెది కాదు.

విచారింపగా కారణము తెలిసినది. ఆనాటి వీడియో బొమ్మల వెడల్పునకు ఎత్తునకు గల నిష్పత్తి 4:3. నేటి తెరది 16:9. యంత్రము తెరను నింపుటకై బొమ్మను అడ్డముగా మూడవవంతు సాగదీసినది. మనుమడు 4:3 అను నిష్పత్తిని ఎన్నుకొనగనే ఇరుప్రక్కల నల్లని పట్టీలేర్పడి, నడుమ ఆమె ముఖము యథారూపమున నిలిచెను. చిన్నది లేచిపోయి గోడదగ్గర నిలుచుండి చూచెను.

ఆ పట్టీలవలన తెర వృథాయగుచున్నదని పలువురు సాగదీసియే చూచుచుందురు. అట్లు చేయకుడు. మనము ఎరిగిన ముఖమును మన మనస్సే దిద్దుకొనును. ఎరుగని పసివారికి గోడమీద చూపినదే రూపము. అదే జ్ఞాపకమై నిలుచును. కావున పెద్దల బొమ్మలను పిల్లలకు చూపుటకు ముందు, అవి సరిగా నున్నవో లేవో ఎరిగిన మనమే చూచి చెప్పవలెను. మీటలు నొక్కుట వారికి తెలియును; ముఖము మనకు తెలియును.