తెర మీద బొమ్మ, నోట్లో మాట



మన చింతామణి పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, కాలేజీలో ఇంగ్లీషు. మూడు భాషలు వచ్చినా సెమినారులో నిలబడమంటే మాట పెగలదు. ఆ భయంతో పేజీలకు పేజీలు తెర మీదికి ఎక్కించి, అటు తిరిగి చదివేస్తారు. వినేవాళ్ళు మీకన్నా ముందే చదివేసుకుంటారు. ఇక మీ మాటతో వాళ్ళకేం పని? మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలు ఇంటర్వ్యూలో నోరు విప్పలేక వెనకబడితే అది ఇంటిల్లిపాదికీ నష్టం.

తెర కట్టి చెప్పడం మనవాళ్ళకు కొత్త కాదు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలకు పేరు పొందిన ఊరు. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మలాటలో హనుమంతుడి ఘట్టం వచ్చినప్పుడే ఆ బొమ్మ తెరకు ఆనుతుంది, పని తీరగానే తప్పుకుంటుంది. కథ నడిపేది మాటా, పాటా. బొమ్మ దానికి తోడు. మీ స్లైడు కూడా అంతే.

తెర మీద రాత సరిగా లేకపోతే ఏమవుతుందో చూడండి. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా అంతరిక్ష నౌక కూలి, కల్పనా చావ్లాతో సహా ఏడుగురు మరణించారు. బయలుదేరినప్పుడు ఒక నురుగు ముక్క ఊడి నౌక రెక్కకు తగిలింది. నౌక ఇంకా ఆకాశంలో ఉండగానే ఇంజనీర్లు అధికారులకు స్లైడ్లు చూపించారు. ఒక స్లైడులో శీర్షిక ధైర్యం చెప్పేలా ఉంది. ఊడిన ముక్క పరీక్షల్లో వాడినదానికన్నా 600 రెట్లకు పైగా పెద్దదన్న సంగతి అట్టడుగున ఉండిపోయింది. ప్రమాదానికి ఆ స్లైడే కారణమని కాదు. కానీ విచారణ బోర్డు తన నివేదికలో దాన్ని తప్పుపట్టింది.

నేను బ్యాంకులో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. లెడ్జరులో ప్రతి పద్దూ ఉండాలి. మేనేజరు అడిగేది మాత్రం క్లోజింగ్ బ్యాలెన్సు. తెర మీద అదే పెట్టండి, పైన, పెద్ద అక్షరాల్లో.

మన మార్కెట్టు టమోటా ధరల మీద మాట్లాడుతున్నారనుకోండి. ఏడాది ధరలన్నీ పట్టిక వేస్తే వెనక బెంచీకి చీమల బారులా కనిపిస్తాయి. ఒక గీత గీసి చూపండి. అడ్డంగా నెలలు, నిలువుగా ధర అని ముందే చెప్పండి. ధర పడినచోట వేలు పెట్టి, ఎందుకు పడిందో జనం వైపు తిరిగి చెప్పండి. ముందుగా గదిలో చివరి బెంచీలో కూర్చుని, అక్షరాలు కనిపిస్తున్నాయో లేదో చూసుకోండి. కరెంటు పోతుందేమోనని అదే గీత ఒక చార్టు మీద గీసి దగ్గర ఉంచుకోండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. సెమినారు ముందు రోజు ఓ పది నిమిషాలు మీ పిల్లల దగ్గర కూర్చోండి. విషయం తెలుగులో చెప్పమనండి. మీకు ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు. అర్థం కానిచోట "అంటే ఏమి నాయనా?" అని అడగండి. చాలాసార్లు వాళ్ళకూ సరిగా తెలియనిది అక్కడే ఉంటుంది. అమ్మకు అర్థమయ్యేలా తెలుగులో చెప్పగలిగితే, ఇంగ్లీషులో చెప్పడం సగం సులువవుతుంది.